తలకోనకు పోతున్న కోడలికి

కోడలా,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. ఊరికే చేశానక్కా అని కరెంటు బిల్లు గురించీ, మోకాళ్ల నొప్పుల గురించీ కాసేపు మాట్లాడి, పెట్టేసే ముందు "పాప వచ్చే శనివారం ఫ్రెండ్స్‌తో తలకోనకు పోతుందంట" అన్నాడు. పోవద్దని చెప్పమని నన్ను అడగలేదు. పోనీలే అని కూడా అనలేదు. వాడి సంగతి నాకు తెలుసు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను వద్దని చెప్పను. భాకరాపేట దగ్గర బడిలో పనిచేసినన్నాళ్లూ ఏటా పిల్లల్ని వెంటేసుకుని ఆ కొండెక్కినదాన్ని, నిన్ను ఏ మొహం పెట్టుకుని ఆపుతాను? నిజం చెప్పాలంటే లోపల గర్వంగానే ఉంది. మన ఇళ్లల్లో ఆడవాళ్లు తలకోన అంటే సిద్ధేశ్వరస్వామి గుళ్లో టెంకాయ కొట్టి, ధార కింద తల తడుపుకుని, పులిహోర తిని వచ్చేవాళ్లే. నువ్వేమో కింద ధార చూసి, పైకెక్కి నీళ్లు దూకే చోటు చూసి, అడవిలోంచి చుట్టు తిరిగి మళ్లీ గుడి దగ్గర దిగుతానంటున్నావంట. వెళ్లు, బాగుంటుంది. 270 అడుగుల ధార, ఆంధ్రాలో అంతకన్నా ఎత్తైనది లేదు. కింద ఆదివారం సంతలా జనం ఉంటారు గానీ, పైన అడవిలో అడుగుపెడితే మనిషి గొంతు వినబడదు.

కానీ ఒక మాట. నాలుగింటికల్లా దిగి ఫోన్ చేస్తానని మీ నాన్నకు మాటిచ్చావంట. ఆ మాట ఇవాళే వెనక్కి తీసుకో. ఎందుకో చెప్తాను, ముందు చిన్న విషయాలు అయిపోనీ.

పొద్దున్నే బయల్దేరండి. నవంబరులో ఐదున్నర దాటితే పొద్దు గూకుతుంది, కోనలో అంతకన్నా చాలా ముందే మసకబారుతుంది. చెక్‌పోస్టులో టికెట్ తీసుకుని, ఎంతమంది, ఏ దోవలో పోతున్నారు అని చెప్పి పోండి. గైడు లేకుండా పైకి ఎక్కొద్దు. ఆ చుట్టుపక్కల ఊళ్ల కుర్రాళ్లకు తెలిసినంత నీ ఫోన్‌లో మ్యాపుకు తెలియదు, పైగా అక్కడ సిగ్నల్ ఉండదు. అందరూ పట్టున్న బూట్లు వేసుకోండి. తిండి సంచి చేత్తో ఊపుకుంటూ నడిస్తే కోతులు లాక్కుపోతాయి, వీపుకు తగిలించుకోండి. దోవలో ఎర్రచందనం ముక్క కనబడితే, ఎంత చిన్నదైనా సరే, ముట్టుకోవద్దు. గుర్తుగా దాచుకుందామని సంచిలో వేసుకున్నావంటే, చెక్‌పోస్టు దగ్గర వాళ్లకు నువ్వు ఎంత చెప్పినా వినరు. పాము కరిస్తే కట్టు కట్టడం, కోయడం లాంటి సినిమా పనులు చేయొద్దు. కాలు కదలనీయకుండా మోసుకుని దింపి తిరుపతి పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి.

గుండంలోకి దూకొద్దు. దీనికి కారణాలు అడగొద్దు. సరే, అడుగుతావు కాబట్టి: నీళ్లు నల్లగా ఉంటాయి, అడుగున బండలు ఎక్కడున్నాయో పైనించి తెలియదు. ఈత బాగా వచ్చిన పిల్లలే బండల మధ్య ఇరుక్కుని పోయారు. పైన ధార అంచు దగ్గరికి కూడా పోవద్దు. తడిబండ మీద పాచి కంటికి కనబడదు, కాలికి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. ఫోటో రాకపోతే రాకపోనీ.

ఇక అసలు సంగతి. మీ నాన్న మెట్లు దిగేటప్పుడు కుడికాలు కొంచెం అడ్డంగా వేస్తాడు, చూశావు కదా. స్కూటర్ మీద నించి పడ్డానని చెప్పుంటాడు. మీ అమ్మకూ చాన్నాళ్లు అదే చెప్పాడు. అప్పటికి మన ఇంట్లో స్కూటరే లేదు.

వాడు డిగ్రీ చదివే రోజులు. కార్తీకమాసం వనభోజనాలకని బంధువులం అందరం తలకోనకు పోయాం. కింద ఉసిరిచెట్టు చూసి పొయ్యిలు పెట్టారు. వంట అయ్యేలోపల పైకి పోయొస్తామని నేనూ, మీ నాన్నా, మా పెద్దత్త కొడుకులిద్దరూ బయల్దేరాం. దోవ చూపించడానికి ఒక ముసలి గొర్రెల కాపరి వెంట వచ్చాడు. మీ తాత ఒకటే మాట అన్నాడు, "విస్తళ్లు వేసేసరికి ఇక్కడుండాలి." మీ తాత మాట అంటే మాకు ఎట్లాంటి భయమో నీకు తెలియదు. నీకు ఆయన వెండిజుట్టు, వేరుశెనగ ఉండలే తెలుసు.

పైన ఆలస్యమైపోయింది. గిల్లతీగ మీద ఉయ్యాల ఊగితే ఆలస్యం కాదా మరి. ఆ తీగ మనిషి తొడంత లావుంటుంది, నువ్వూ చూస్తావు. ఇంతలో ఎగువన కొండ మీద ఉరిమింది. మా నెత్తిన మాత్రం ఎండే. వచ్చిన దోవనే పోదాం సామీ అన్నాడు కాపరి. అది నిటారు, దూరం. చుట్టుదోవలో అయితే తొందరగా దిగొచ్చు గానీ మధ్యలో ఒక వంక దాటాలి. వారం కింద పాదం తడవకుండా దాటిన వంకేనంట. "సగం పైన వచ్చేశాం, ఇంక ముందుకు పోవడమే దగ్గర" అని మీ నాన్న ముందు నడిచాడు.

వంక దగ్గరికి వచ్చేసరికి నీళ్లు పిక్కల్లోతు ఉన్నాయి, రంగు మాత్రం మారిపోయింది. ఎర్రటి బురదనీళ్లు, వాటి మీద ఎండాకులు, పుల్లలు. మధ్యలో ఒక తెల్లబండ జానెడు పైకి కనబడుతోంది. కాపరి కర్రతో ఆ బండనే చూపించి, కాసేపు దీన్ని చూస్తూ కూర్చుందాం అన్నాడు. మావాళ్లు దాటుదాం, వద్దు అని వాదించుకుంటున్నారు. నేను బండనే చూస్తున్నాను. వాదన అయ్యేలోపలే అది మునిగిపోయింది. "ఇంకాసేపు ఆగితే అసలే దాటలేం, నాన్న తోలు తీస్తాడు" అని మీ నాన్న ప్యాంటు మడిచి దిగాడు. మూడో అడుగుకు కాలు రెండు రాళ్ల మధ్య ఇరుక్కుంది. మనిషిని నీళ్లు ఒక పక్కకు తోశాయి, కాలు అక్కడే ఉండిపోయింది. ఆ చప్పుడు ఇప్పుడు రాయను. కాపరి తలగుడ్డ విప్పి కర్రకు కట్టి అందించాడు, మేం ముగ్గురం ఆయన నడుం పట్టుకుని లాగాం. తేలిగ్గా చెప్తున్నాను గానీ తేలిగ్గా జరగలేదు.

కాలికి కట్టు కట్టుకుని, ఏడుపులు అయ్యి, ఎవరు మోయాలో తేల్చుకునేసరికి ఆ తెల్లబండ మళ్లీ పైకి తేలింది. నాకు ఇప్పటికీ ఒళ్లు మండేది అక్కడే. ఆ కొండలన్నీ బండరాయి, పైన మట్టి పల్చన. ఎగువన పడిన వాన ఇంకదు, నేరుగా వంకలోకి వచ్చేస్తుంది. అందుకే గబుక్కున లేస్తుంది, లేచినంత తొందరగానూ తగ్గుతుంది. గంటో రెండు గంటలో కూర్చుంటే చాలు. మీ నాన్నకు ఆ రోజు వంకంటే భయం లేదు, మీ తాతంటే ఉంది.

చీకటి పడ్డాక లాంతర్లతో ఎదురొచ్చారు. తాత ఏమన్నాడంటావా? కండువా తీసి వాడి కాలికి ఇంకో చుట్టు చుట్టి, "ఏమన్నా తిన్నారా?" అన్నాడు. తిట్లు తర్వాత వారం రోజులు నడిచాయనుకో, అది వేరే సంగతి.

ఇప్పుడు అర్థమైందా నాలుగింటి మాట ఎందుకు వెనక్కి తీసుకోమన్నానో? నువ్వు మీ నాన్న కూతురివి. మూడున్నరకు వంక ఒడ్డున నిలబడితే నీకు నీళ్లు కనబడవు, అక్కడ ఫోన్ పట్టుకుని కూర్చున్న మీ నాన్న కనబడతాడు. వాడితో నేను మాట్లాడాను. చీకటి పడేదాకా ఫోన్ చేయనన్నాడు. చీకటి పడ్డా మీరు దిగకపోతే నేనే చెక్‌పోస్టుకు పోయి చెప్తాను, వెతకడం వాళ్ల పని. ఆగడం మీ పని. ఎంత ఆలస్యమైనా నిన్ను ఎవరూ ఒక్క మాట అనరు, అంటే నాకు చెప్పు.

నీళ్లు రంగు మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొచ్చినా, చప్పుడు పెద్దదైనా ఎక్కడున్నవాళ్లు అక్కడే ఎత్తు మీదికి పోయి కూర్చోండి. నీళ్లు తగ్గేదాకా దిగొద్దు. మోకాలి లోతు పారేనీళ్లు మనిషిని పడేస్తాయి. వెనక దోవ ఖాళీగా ఉంటే ఆ దోవనే దిగండి, చుట్టు పూర్తి కాలేదని ఏ ఫ్రెండూ నీ ఉద్యోగం తీసేయడు. 2023 జూలైలో ములుగు జిల్లాలో ముత్యాలధార చూడ్డానికి పోయిన ఎనభై మంది దాకా, తిరిగొచ్చేటప్పుడు వాగు పొంగి అడవిలో ఇరుక్కున్నారు. వాగు దాటకుండా ఆగారు, ఎన్డీఆర్‌ఎఫ్ వాళ్లు రాత్రికి రాత్రి చేరుకుని అందరినీ బయటికి తెచ్చారు. టీవీలో అందరూ వాళ్లను తిడుతుంటే నేను మాత్రం దాటనందుకు మెచ్చుకున్నాను. ఆ వానలో పోయినందుకు తిట్టాను కూడా. కాబట్టి బంగాళాఖాతంలో వాయుగుండం అని వార్తల్లో వస్తే శనివారం ప్రోగ్రాం మానేయండి, కొండ ఎక్కడికీ పోదు.

ఒకవేళ చీకటి పడితే ఆ చీకట్లో నడిచి దిగుదామనుకోవద్దు. 2025 శివరాత్రి ముందు ఇదే శేషాచలం అడవిలో, గుండాలకోన దగ్గర రాత్రిపూట నడుస్తున్న భక్తుల మీద ఏనుగులు పడి ముగ్గురు పోయారు. గైడు ఏం చెప్తే అది చేయండి, అందరూ ఒక్క చోట ఉండండి. టార్చిలైటు, ఒక దుప్పటి, ఇంకో పూటకు సరిపడా తిండి పెట్టుకోండి. బరువని గొణక్కు.

భయపెట్టేశానా? పైన అడవిలో నిలబడినప్పుడు కాసేపు ఎవరినీ మాట్లాడనీయొద్దు. బెట్టుడుత కనబడొచ్చు, పిల్లి అంత ఉడుత, కొమ్మల మీద తోక వేలాడేసుకుని కూర్చుంటుంది. నేను బడిపిల్లలకు చూపించినప్పుడల్లా వాళ్ల అరుపులకే పారిపోయేది.

శుక్రవారం రాత్రికి తిరుపతిలో రూము తీసుకుంటామన్నావంట. ఏం, అత్త ఇల్లు కూలిపోయిందా? నేరుగా ఇక్కడికే రండి. ఎంతమందో ముందే చెప్పు, సంగటి, ఊరిబిండి చేస్తాను. కార్తీకం కదా, మా ఇంట్లో నీచు వండను. కోడికూర లేకపోతే ముద్ద దిగని వాళ్లుంటే పక్కవీధిలో మీ చిన్నత్తకు చెప్తాను, ఆవిడకు అలాంటి పట్టింపులు లేవు. కారు గేటుకు అడ్డంగా పెట్టొద్దు, పాలాయన తెల్లారుజామున వచ్చి నన్ను తిడతాడు. వేపచెట్టు కింద జాగా ఉంది.

మీ అత్త