టెక్ సందేహాలు: ఐస్ హాకీ జట్టు కబుర్లు, గంట తప్పిన అలారం, ఒక ఏపీకే ఫైలు

డల్లాస్‌లో అక్క ఉందనో, శాన్‌హోసేలో తమ్ముడున్నాడనో, టొరంటోలో రెండేళ్లు చదువుకుని వచ్చామనో అక్కడి ఐస్ హాకీ పోటీ అయిన నేషనల్ హాకీ లీగ్‌లో ఏదో ఒక జట్టుకు మనసిచ్చుకున్న తెలుగువాళ్లు బెంగళూరులో చాలామందే ఉన్నారు. సీజన్ పొడవునా వాళ్ల దగ్గర్నుంచి వచ్చే ఫిర్యాదులు ఇంచుమించు ఒకేలా ఉంటున్నాయి. అందుకే వాటికి ఈసారి ఒకేచోట జవాబిస్తున్నాను. ఆట గురించి మీకు తెలుసు, దాని జోలికి పోను.

మారతహళ్లి పాఠకుడు: మా జట్టు షెడ్యూలు ఫైలు దించుకుని క్యాలెండర్‌లో వేసుకున్నాను. అక్టోబరంతా సరిగ్గా మోగింది. నవంబరు మొదటి వారం నుంచి మ్యాచ్‌కు గంట ముందే లేపుతోంది. ఫోన్ పాడైందా?

ఫోన్ బాగానే ఉంది, ఫైలు తయారుచేసిన వాళ్లే అశ్రద్ధ చేశారు. అమెరికా, కెనడాల్లో చాలాచోట్ల నవంబరు మొదటి ఆదివారం గడియారం గంట వెనక్కి జరుగుతుంది, మార్చి రెండో ఆదివారం మళ్లీ ముందుకొస్తుంది. టొరంటోలో రాత్రి 7 గంటల మ్యాచ్ అక్టోబరులో మనకు తెల్లవారుజామున 4.30కి, నవంబరు నుంచి 5.30కి. శాన్‌హోసేలో రాత్రి 7 అంటే మొదట ఉదయం 7.30, ఆ తర్వాత 8.30. అక్టోబరు తేడానే సీజన్ మొత్తానికీ అంటించేస్తే మీకొచ్చిన తిప్పలే వస్తాయి.

ఆ షెడ్యూలు ఫైలును (ఐసీఎస్ అంటారు) నోట్‌ప్యాడ్‌లో తెరిచి ‘డీటీస్టార్ట్’ అని మొదలయ్యే వరుసలు చూడండి. చివర జెడ్ అక్షరం ఉంటే అది యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక సమయం. అదే ఊళ్లో అదే వేళకు మొదలయ్యే అక్టోబరు మ్యాచ్‌కూ డిసెంబరు మ్యాచ్‌కూ అంకెల్లో గంట తేడా కనిపిస్తే ఫైలు మంచిదే. ‘అమెరికా/న్యూయార్క్’ అని ఊరి పేరుతో టైమ్‌జోన్ ఉన్నా పర్వాలేదు. ఏమీ లేకుండా వట్టి అంకెలే ఉంటే, ఆ 7 గంటలను మీ ఫోన్ బెంగళూరు 7 గంటలుగానే చదువుతుంది.

ఇంకో సంగతి. ఫైలును దించుకుని వేసుకుంటే అది ఆ రోజుకు తీసిన ఫొటో లాంటిది. మ్యాచ్ వాయిదా పడినా మీ క్యాలెండర్‌కు తెలియదు. జట్టు సొంత సైటులో దొరికే క్యాలెండర్ లింకును కంప్యూటర్ బ్రౌజర్‌లో తెరిచి సబ్‌స్క్రైబ్ చేసుకోండి. మార్పులు చేరడానికి సగం రోజు పట్టొచ్చు కాబట్టి మ్యాచ్ రోజు మాత్రం దాన్ని నమ్ముకోకండి. ఫైలే వాడతానంటే ముందు జట్టు పేరుతో వేరే క్యాలెండర్ తెరిచి అందులో వేయండి. అప్పుడు సీజన్ రిమైండర్లన్నిటినీ ఒక్కొక్కటిగా చెరపకుండా క్యాలెండర్‌నే తీసేయొచ్చు. ఊరూపేరూ లేని సైటు ‘ఒక్క నొక్కుతో సబ్‌స్క్రైబ్’ అంటే నొక్కకండి. ‘మీ ఫోన్‌లో వైరస్’ అనే నకిలీ రిమైండర్లు వచ్చేది ఆ దారినే. వస్తే వాటిలోని లింకు ముట్టుకోకుండా ఆ సబ్‌స్క్రిప్షన్‌నే తొలగించండి.

కె.ఆర్. పురం నుంచి ఒక తల్లి: టొరంటోలో ఉన్న మా అబ్బాయి హాకీ యాప్ వేసిచ్చాడు. తెల్లవారుజామున మోగుతూనే ఉంటుంది. ఫోన్ సైలెంట్‌లో పెడితే అబ్బాయి ఫోన్ చేసినా తెలియదేమోనని భయం.

అమ్మా, ఫోన్ మొత్తం సైలెంట్ చేయక్కర్లేదు. ఆ యాప్ గుర్తును కాసేపు నొక్కి పట్టుకుంటే దాని వివరాలు వస్తాయి. నోటిఫికేషన్లలోకి వెళ్లి సైలెంట్ ఎంచుకోండి. స్కోరు కనిపిస్తుంది, మోత ఉండదు. అబ్బాయి ఫోన్ ఎప్పటిలాగే మోగుతుంది.

కోరమంగళ పీజీ నుంచి: ట్రేడ్ డెడ్‌లైన్ (జట్లు ఆటగాళ్లను మార్చుకోవడానికి ఆఖరి గడువు) రాత్రి ఫ్యాన్స్ గ్రూపులో ‘అన్ని మ్యాచులూ ఉచితం, లైనప్‌లు అందరికంటే ముందు’ అంటూ ఒక ఏపీకే (ప్లే స్టోర్‌తో పనిలేకుండా యాప్ వేసే ఫైలు) పెట్టారు. వేసుకున్నాను. యాక్సెసిబిలిటీ అనుమతి అడిగితే ఇచ్చాను. మ్యాచులు వస్తున్నాయి. కానీ తీసేద్దామని సెట్టింగ్స్‌లోకి వెళితే దానంతటదే మూసుకుపోతోంది.

ముందు ఎయిర్‌ప్లేన్ మోడ్ వేసి, వైఫై కూడా ఆపి, ఆ తర్వాత మిగతాది చదవండి. మోడ్ దానంతటదే తొలగిపోతుంటే సిమ్ బయటికి తీసేయండి.

యాక్సెసిబిలిటీ అనేది చూపు సరిగా లేనివాళ్ల లాంటి, ఫోన్ వాడటం కష్టమయ్యేవాళ్ల కోసం పెట్టిన ఏర్పాటు. ఆ అనుమతి ఉన్న యాప్ తెరమీది అక్షరాలు చదవగలదు, మీ బదులు తానే బటన్లు నొక్కగలదు. అంటే ఓటీపీ చదవగలదు, ‘అనుమతించు’ అని వచ్చిన ప్రతి పెట్టెనూ మీకు కనబడేలోపే నొక్కేయగలదు. సెట్టింగ్స్ మూసుకుపోవడం సాఫ్ట్‌వేర్ లోపం కాదు. తనను తీసేయకుండా ఆ యాప్ అడ్డుపడుతోంది. మ్యాచులు వస్తున్నాయి కదా అని ధైర్యపడొద్దు. గాలానికి గుచ్చిన ఎర అసలుదే అయినా గాలం గాలమే.

ఇప్పుడు స్నేహితుడి ఫోన్ తీసుకోండి. మీ బ్యాంకు హెల్ప్‌లైన్‌కు చేసి యూపీఐ, నెట్ బ్యాంకింగ్, డెబిట్ కార్డు మూడూ ఆపించండి. రూపాయి పోయినట్టు తేలినా వెంటనే 1930కి ఫోన్ చేయండి. కేంద్రం నడిపే సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు చేయొచ్చు. డబ్బు చేరిన ఖాతాలోంచి అవతలివాడు తీసేసుకునేలోపు చెబితే దాన్ని ఆపే వీలుంటుంది. ‘రేపు ఆఫీసయ్యాక చూద్దాం’ అనుకుంటే అది చేజారుతుంది.

ఆ తర్వాత ఫోన్‌ను సేఫ్ మోడ్‌లోకి తీసుకెళ్లండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్ మెనూ తెరిచి ‘పవర్ ఆఫ్’ను నొక్కి పట్టుకుంటే వస్తుంది. కొన్నింట్లో ఆన్ అయ్యేటప్పుడు వాల్యూమ్ తగ్గించే బటన్ పట్టుకోవాలి. సేఫ్ మోడ్‌లో మీరు దించుకున్న యాప్‌లు నడవవు కాబట్టి సెట్టింగ్స్ మూసుకుపోవు. అక్కడ మొదట యాక్సెసిబిలిటీ అనుమతి తీసేయండి, తర్వాత ‘డివైస్ అడ్మిన్’ జాబితాలో దాని టిక్కు తీసేయండి, చివర్లో అన్‌ఇన్‌స్టాల్ చేయండి. ఈ వరుస తప్పితే అన్‌ఇన్‌స్టాల్ బటన్ బూడిదరంగులోనే ఉండిపోతుంది. అది అయ్యాక నోటిఫికేషన్ యాక్సెస్, డిఫాల్ట్ ఎస్ఎంఎస్ యాప్, వీపీఎన్ జాబితాలు కూడా చూడండి. సిమ్ మళ్లీ వేశాక *#21# కొడితే మీ కాల్స్ వేరే నంబరుకు మళ్లుతున్నాయో లేదో తెలుస్తుంది. మళ్లుతుంటే ##002# కొట్టి రద్దు చేయండి.

ఇంత చేసినా ఫ్యాక్టరీ రీసెట్ చేయమనే చెబుతాను. ఫొటోలు, కాంటాక్టులు మాత్రమే దాచుకోండి. పాత బ్యాకప్ నుంచి యాప్‌లను తిరిగి దించనివ్వకండి. పాస్‌వర్డులను వేరే పరికరం నుంచి మార్చండి, మొదట ఈమెయిల్‌ది. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్, టెలిగ్రామ్‌లో యాక్టివ్ సెషన్లు ఖాళీ చేయండి.

ఆండ్రాయిడ్ 13 నుంచి బయటి ఫైలుతో వేసిన యాప్‌కు యాక్సెసిబిలిటీ ఇవ్వకుండా ఒక అడ్డు పెట్టారు. మంచి పనే. కానీ యాప్ వివరాల పేజీలో మూడు చుక్కల మెనూ తెరిస్తే ఆ అడ్డును ఎవరైనా తీసేయొచ్చు. మోసగాళ్లు ఏపీకేతో పాటు ఆ మెనూ ఎక్కడుందో బొమ్మలేసి మరీ పంపుతారు. కెమెరా అనుమతికీ, ఫోన్ తాళాలన్నీ అప్పగించే అనుమతికీ దాదాపు ఒకే తీరు పెట్టె చూపించడం నా దృష్టిలో పెద్ద తప్పు. ట్రేడ్ డెడ్‌లైన్ మార్చి మొదట్లో, అమెరికా తూర్పు తీరంలో మధ్యాహ్నం 3 గంటలకు. మనకు అర్ధరాత్రి దాటి 1.30. నిద్రకళ్లతో వార్తల కోసం తహతహలాడే మనిషి ఆ పెట్టెలో ఏం రాసుందో చదవడని డిజైన్ చేసేవాళ్లకు తెలియాలి.

బీటీఎం లేఅవుట్ నుంచి: స్నేహితులం ఫ్యాంటసీ లీగ్ ఆడతాం. యాప్ ఒక గోలీ (గోల్‌కీపర్) పేరు చూపించింది, పొద్దున లేచేసరికి వేరే అతను ఆడాడు. దేన్ని నమ్మాలి?

యాప్ చూపించింది ఊహ. దాన్ని వార్తలా చూపించింది. జట్టు రోస్టర్‌లో, అంటే ఆటగాళ్ల జాబితాలో 23 మంది దాకా ఉంటారు, మ్యాచ్‌కు దిగేది 18 మంది స్కేటర్లు (గోలీలు కాని ఆటగాళ్లు), ఇద్దరు గోలీలు. మ్యాచ్ రోజు ఉదయం 10.30 ప్రాంతంలో జరిగే మార్నింగ్ స్కేట్ అనే ప్రాక్టీసులో లైన్లు (కలిసి దిగే ఆటగాళ్ల బృందాలు) ఎలా కలిపారో విలేకరులు చూస్తారు. తూర్పు తీరంలో అయితే చలికాలం మనకు అది ముందురోజు రాత్రి 9, పడమటి తీరంలో అర్ధరాత్రి. ఆ ప్రాక్టీసులో మంచు మీంచి ముందుగా దిగిపోయే గోలీయే సాధారణంగా ఆ రాత్రి ఆడతాడు. వరసగా రెండు రోజులు మ్యాచులుంటే రెండో రోజు మార్నింగ్ స్కేట్ తరచూ ఉండనే ఉండదు, గోలీ మారడానికి అవకాశం కూడా అప్పుడే ఎక్కువ. మీరు మోసపోయింది బహుశా అలాంటి రోజే. ఆఖరి మాట మ్యాచ్‌కు అరగంట ముందు జరిగే వార్మప్‌లో తేలుతుంది.

కాబట్టి రాత్రి 9కి ముందు కనిపించిన లైనప్‌ను అంచనాగానే చూడండి. పేరు పక్కన ‘ప్రాజెక్టెడ్’ అని ఉందా, ‘కన్ఫర్మ్‌డ్’ అని ఉందా, ఏ గంటకు రాశారు, ఎవరిని చూసి రాశారు అనేవి చూడండి. ఈ మూడు సంగతులూ చూపించని యాప్ ఎంత అందంగా ఉన్నా తీసేయండి. చాలా యాప్‌లు ‘ప్రాజెక్టెడ్’ అనే మాటను లోపలి పేజీలో చిన్న బూడిదరంగు అక్షరాల్లో పెడతాయి, నోటిఫికేషన్‌లో అసలు పెట్టవు. నోటిఫికేషన్ చూసి నిర్ణయం తీసుకునేవాడికి ఇది నేరుగా నష్టం.

గాయాల సంగతి మరీ ఘోరం. జట్లు ‘అప్పర్ బాడీ’, ‘లోయర్ బాడీ’ అని మాత్రం చెప్పి ఊరుకోవడం మామూలే. ఆ రెండు మాటల్లోంచి ‘మోకాలికి గాయం, ఆరు వారాలు దూరం’ అని అల్లేసే సైట్లు పుట్టుకొచ్చాయి, ఆ రాతల్లో చాలామటుకు మనిషి చెయ్యి పడినట్టే అనిపించదు. విలేకరి పేరు లేని గాయం వార్తను నేను లెక్కలోకే తీసుకోను. సోషల్ మీడియాలోనూ నీలి టిక్కు ఇప్పుడు డబ్బుకు దొరుకుతోంది. ఎలియట్ ఫ్రీడ్‌మన్ లాంటి పేరున్న విలేకరి ఫొటో, పేరు పెట్టుకున్నంత మాత్రాన ఖాతా ఆయనది కాదు. పేరు కింద ఉండే హ్యాండిల్‌ను అక్షరం అక్షరం చదవండి. చిన్న ఎల్ బదులు పెద్ద ఐ, ఓ బదులు సున్నా పెట్టడం పాత ఎత్తే. ఖాతా ఎప్పుడు తెరిచారో చూడండి. ఇంకో విలేకరో, జట్టో అదే మాట చెప్పేదాకా ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి.

వైట్‌ఫీల్డ్ నుంచి: కాంట్రాక్టుల స్ప్రెడ్‌షీట్ రాసుకుంటున్నాను. ఒకే ఆటగాడికి రెండు సైట్లు రెండు అంకెలు చూపిస్తున్నాయి. పైగా సైటు నుంచి లాగే ఫార్ములా తరచూ పనిచేయడం లేదు.

అంకె తప్పు కాకపోవచ్చు, దాని మీద ఏ సీజన్‌దో రాయకపోవడమే తప్పు. మినెసోటా ఆటగాడు కిరిల్ కప్రీజోవ్ 2025 సెప్టెంబరులో 8 ఏళ్లకు 13.6 కోట్ల డాలర్లకు సంతకం చేశాడు. ఏడాదికి సగటున 1.7 కోట్లు. కానీ అది మొదలయ్యేది 2026-27లో. 2025-26లో జట్టు క్యాప్ (జీతాల మొత్తానికి లీగ్ పెట్టిన పరిమితి) లెక్కలో అతని వాటా పాత ఒప్పందం ప్రకారం 90 లక్షలే. ఒక సైటు ఒకటి చూపిస్తే ఇంకోటి రెండోది చూపిస్తుంది. అలాగే క్యాప్‌లో పడేది ఏటి సగటు, ఆ ఏడు చేతికొచ్చే జీతం వేరు. ట్రేడ్‌లో పాత జట్టు సగం దాకా భారం తనమీద ఉంచుకోవచ్చు. మైనర్ లీగ్‌కు పంపినా మొత్తం మాయం కాదు. 2025-26లో తగ్గేది 11.5 లక్షల డాలర్లే కాబట్టి 30 లక్షల ఆటగాడు కిందికి వెళ్లినా 18.5 లక్షలు జట్టు లెక్కలోనే ఉంటాయి. ఆ సీజన్ క్యాప్ 9.55 కోట్లు.

ఇక ఫార్ములా. బయటి సైటు మీద మీ లెక్క ఆధారపడితే, ఆ సైటు పోయిన రోజున మీ లెక్కా పోతుంది. ఆటగాళ్ల ఒప్పందాల వివరాలిచ్చే క్యాప్‌గీక్ సైటు 2015 జనవరిలో మూతపడింది. దాని తర్వాత అందరూ వాడిన క్యాప్‌ఫ్రెండ్లీని 2024లో వాషింగ్టన్ క్యాపిటల్స్ జట్టే కొనుక్కుంది, జులైకల్లా జనానికి తలుపు మూసేసింది. రెండుసార్లూ లింకుల మీద కట్టుకున్న షీట్లు ఖాళీ అయ్యాయి. విలువలుగా అతికించుకోండి. సగటు, మొదలయ్యే సీజన్, ముగిసే సీజన్, సైనింగ్ బోనస్, పాత జట్టు భరించే శాతం, నో-మూవ్ షరతు (ఆటగాడు ఒప్పుకోకుండా అతన్ని కదపకూడదనేది), వీటి పక్కన ‘ఎప్పుడు చూశాను’, ‘ఎక్కడ చూశాను’ అని మరో రెండు నిలువు వరుసలు పెట్టండి. ఫార్ములాల్లోపల సీజన్‌కు 82 మ్యాచులనీ, కాంట్రాక్టు గరిష్ఠంగా 8 ఏళ్లనీ నేరుగా రాసుంటే ఇప్పుడే తీసి వేరే గడిలో పెట్టుకోండి. లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ కుదిరిన కొత్త ఒప్పందం ప్రకారం 2026-27 నుంచి జట్టుకు 84 మ్యాచులు. సొంత ఆటగాడికి ఇచ్చే గరిష్ఠ గడువు 7 ఏళ్లకు తగ్గుతుంది, బయటివాడికి 6.

ఎలక్ట్రానిక్ సిటీ నుంచి: స్కోరు చెప్పే చిన్న స్క్రిప్టు రాసుకున్నాను. ఒక్కోసారి మ్యాచ్ అయిపోయినా సందేశం రావడం లేదు.

స్కోర్లు, గణాంకాలను స్క్రిప్టులకు అందించే లీగ్ పాత స్టాట్స్ ఏపీఐ 2023 నవంబరులోనే పోయింది కాబట్టి మీరు వాడేది ‘ఏపీఐ-వెబ్’ అని మొదలయ్యే కొత్త చిరునామాయే అయ్యుండాలి. దానికి లీగ్ రాసిచ్చిన వివరణ పత్రం లేదు, రేపు మార్చినా అడగలేం. మీ స్క్రిప్టు మ్యాచ్ స్థితి ‘ఫైనల్’ అయిందా అని మాత్రమే చూస్తున్నట్టుంది. ఆట ముగిశాక అది కొంతసేపే ‘ఫైనల్’గా ఉండి, లెక్క అధికారికం కాగానే ‘ఆఫ్’ అని మారుతుంది. మీరు పది నిమిషాలకోసారి అడుగుతుంటే మధ్యలో మారిపోయిందన్నమాట. రెండు స్థితులనూ ముగింపుగానే తీసుకోండి, సందేశం పంపిన మ్యాచ్ ఐడీ దాచుకుంటే రెండోసారి వెళ్లదు. సమయాన్ని యూటీసీలోనే ఉంచి, తెరమీద చూపించేటప్పుడు మాత్రమే ‘ఏషియా/కోల్‌కతా’కు మార్చండి. న్యూయార్క్ సమయానికి 9.30 గంటలు కలపడం, నవంబరు రాగానే 10.30కి మార్చడం లాంటివి చేతితో చేయకండి. మారతహళ్లి పాఠకుణ్ని గంట ముందు లేపింది అదే.