ట్రంకుపెట్టెలో దొరికిన క్యాసెట్ల గురించి మా తమ్ముడి కూతురికి

అమ్మాయీ,

పెదనాన్న దీవెనలు. మన చర్చి వెస్ట్రీలో, అదే అయ్యగారు ఆరాధనకి తయారయ్యే గదిలో, బీరువా వెనక ట్రంకుపెట్టె దొరికిందని, అందులో అరవై దాకా క్యాసెట్లు, రెండు స్పూల్ టేపులు (పెద్ద చక్రాలకి చుట్టినవి), ఓ కట్ట కాగితాలు ఉన్నాయని నువ్వు చెప్పిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సగం క్యాసెట్లు నేను రికార్డు చేసినవే. ఫోన్లో తొందరగా చెప్పలేకపోయినవి రాస్తున్నాను.

ఆత్రం కొద్దీ ఏ క్యాసెట్టూ ప్లేయర్లో పెట్టెయ్యకు. ఒక్కోదాని వెనక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలుంటాయి, ముందు అవి విరిచెయ్. ఇక పొరపాటున కూడా దానిమీద రికార్డు కాదు. ఓ గుడ్ ఫ్రైడే ఆరాధనలో మా క్వయర్ టెనర్లు, అంటే పై స్థాయిలో పాడే మగవాళ్లు, పాడిన పాట మీద, మరుసటి ఏడు నేనే ప్రసంగం ఎక్కించేశాను. ఆ టెనర్లలో ఇద్దరు ఇప్పుడు లేరు.

టేపు మీద తెల్లగా బూజు కనిపిస్తే అది పక్కన పెట్టు, మిగతావాటికీ ప్లేయర్‌కీ అంటిస్తుంది. స్పూళ్లు ముక్కుకు దగ్గరగా పెట్టి చూడు. పులిసిన వెనిగర్ వాసన వస్తే ఆ టేపు లోపల్నుంచి చెడుతోందన్న మాట. దాన్ని విడిగా ఉంచి, స్పూళ్ల పని తెలిసిన స్టూడియోకి ముందుగా పంపాలి. అది మన చేతుల్లో అయ్యే పని కాదు.

ఆన్‌లైన్‌లో దొరికే చవక యూఎస్‌బీ క్యాసెట్ ప్లేయర్ కొనకు. పాత మంచి క్యాసెట్ డెక్ ఒకటి వెతికి, బెల్టు మార్పించు. టేపు మీద ధ్వనిని చదివే హెడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో దూదిపుల్లతో తుడువు. హెడ్ పక్కన చిన్న స్క్రూ ఉంటుంది. క్యాసెట్ నడుస్తుండగా దాన్ని కొద్దికొద్దిగా తిప్పితే, సోప్రానోల, అంటే పై స్థాయిలో పాడే ఆడవాళ్ల, గొంతు మీదున్న దుప్పటి తీసినట్టు ఒక్కసారి తేటగా వినిపించే చోటొకటి వస్తుంది. అక్కడ ఆపు. క్యాసెట్‌కి క్యాసెట్‌కి ఆ చోటు మారుతుంది, విసుక్కోకు. ముందు ఒకసారి చివరిదాకా తిప్పి, వెనక్కి తిప్పి, అప్పుడు ప్లే చెయ్యి.

ఫైల్ వేవ్‌లో (ధ్వనిని కుదించని రకం), 24 బిట్, 96 కిలోహెర్ట్జ్. గంటకు రెండు జీబీ పడుతుంది. అన్నీ తొంభై నిమిషాలవే అనుకున్నా రెండొందల జీబీ దాటదు. రెండు డిస్కుల మీద పెట్టి, మూడో కాపీ నాకు పంపు. ఒకే ఇంట్లో మూడు పెట్టుకుంటే వరదొస్తే మూడూ పోతాయి. వాట్సాప్‌లో పంచుకోవడానికి ఎంపీ3 విడిగా చేసుకో.

రణగొణ తీసేస్తానని ఎవరైనా కుర్రాడు ముందుకొస్తే వద్దను. ఆ కీచుమనే ఫ్యాను మన చర్చిదే. దగ్గినాయన ఎవరో కూడా నేను చెప్పగలను.

కష్టమంతా ఆ తర్వాతే. ఎవరు పాడారో తెలియని టేపుకు విలువేముంది చెప్పు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట మీద రాగం, తాళం అచ్చేసి ఉంటాయి. కానీ పురుషోత్తమ చౌదరి (1803–1890) గారి కీర్తన మన ఊళ్లో ఒకలా, ఏటి అవతల ఇంకోలా పాడతారు. ఆ తేడా పుస్తకంలో దొరకదు. టేపులో ఉంటుంది, ముసలివాళ్ల గొంతులో ఉంటుంది. అందుకే డిజిటల్ అయిన ప్రతి క్యాసెట్టూ వాళ్ల ముందు వినిపించు. పక్కన ఫోన్ రికార్డు చేస్తూ ఉండనీ. పేర్లు నువ్వు అందించకు, మర్యాదకి అవునంటారు.

తారీకు లేకపోతే మాటల్లో వెతుకు. సీఎస్ఐ, అంటే దక్షిణ ఇండియా సంఘం, వేర్వేరు సంఘాలు కలిసి 1947 సెప్టెంబరు 27న ఏర్పడింది. ప్రార్థనలో అయ్యగారు సంఘైక్యానికి యాభై ఏళ్లని కృతజ్ఞత చెబుతుంటే అది 1997. శ్రుతి వింతగా అనిపిస్తే చర్చి హార్మోనియంతో పోల్చి చూడు. మా రోజుల్లో వాయించిందే ఇప్పటికీ ఉంది కదా. తేడా ఎక్కువుంటే టేపు వేగం తప్పినట్టే.

కాగితాల పిన్నులు తుప్పు పట్టి ఉంటాయి, మెల్లగా తీసెయ్. ఫోటోల వెనక పెన్సిల్‌తోనే రాయి. సెల్లోటేపు, లామినేషను జోలికి పోకు.

యూట్యూబ్‌లో పెట్టేముందు బతికున్న పాటగాళ్లని, పోయినవాళ్ల పిల్లల్ని అడుగు. కొన్నవి, కంపెనీ క్యాసెట్లు, అసలు పెట్టకు. విడుదలయ్యాక అరవై ఏళ్లు హక్కులు వాళ్లవే.

మొదట ఆల్టోలో, అంటే ఆడవాళ్ల కింది స్థాయిలో, పాడిన పెద్దత్తయ్య దగ్గరికి వెళ్లు. మధ్యాహ్నం పడుకుంటుంది, నాలుగు దాటాక వెళ్లు. కుడి చెవే వినిపిస్తుంది, స్పీకరు అటువైపు పెట్టు.

మీ పెదనాన్న