నెల్లూరు తీరపు చేపలను బతికుండగా చూపించిన అక్వేరియం ఏది?

మైపాడు, కొత్తపట్నం ఒడ్డున దొరికేలాంటి చేపలను జనానికి చూపించే అక్వేరియం ఒకప్పుడు ఉండేదా అని అడిగారు. ఉండేది, మద్రాసు మెరీనాలో. అప్పుడు నెల్లూరు కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోదే, సముద్రం కూడా అదే కోరమండల్ తీరం.

మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గార్ థర్‌స్టన్ ఆలోచనతో మొదలై అది 1909లో తెరుచుకుంది. దేశంలో తొలినాటి పబ్లిక్ అక్వేరియాల్లో అదొకటి. 1919లో మత్స్యశాఖ చేతికి వెళ్లింది. 1942 ఏప్రిల్‌లో జపాన్ విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ యుద్ధ భయంలోనే దాన్ని మూసేశారు. అంత మంచి చోటు అలా పోవడం నిజంగా బాధాకరం.

ఉప్పునీటి తొట్టి నడపడం మంచినీటి తొట్టి అంత తేలిక కాదు. నీరు ఆవిరైనా ఉప్పు మిగిలిపోతుంది. అందుకే లీటరుకు సుమారు 35 గ్రాముల దగ్గర ఉప్పు నిలవాలంటే తగ్గిన మేరకు మంచినీళ్లే పోయాలి, సముద్రపు నీళ్లు కాదు. చేపలు వదిలే అమ్మోనియాను బ్యాక్టీరియా మొదట నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ బ్యాక్టీరియా కుదురుకోకముందే చేపల్ని వదిలితే చచ్చిపోతాయి. వంజరం సంగతి మరీ కష్టం: ఆగకుండా ఈదుతూ ఉంటేనే దాని మొప్పలకు సరిపడా నీరు అందుతుంది, చిన్న తొట్టిలో బతకదు. రాళ్ల సందుల్లో ఉండే చేపలు మాత్రం బాగానే తట్టుకుంటాయి.

మన జిల్లాలోనూ అలాంటిది ఒకటి రావాలని నాకు గట్టిగా ఉంది. జువ్వలదిన్నె లాంటి రేవు పక్కనైతే చేపలకూ, నీటికీ దూరం పోనక్కర్లేదు.