ఇటుక ముక్కల నేలలో కూరగాయలా?

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ల మధ్య ఖాళీ జాగాలో నలుగురం కలిసి కూరగాయలు వేశాం. ఎక్కడ తవ్వినా ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలే. టమాటా మొక్కల లేత ఆకులు పసుపుపచ్చగా మారుతున్నాయి, యూరియా వేసినా తేరుకోలేదు. వంటింటి చెత్తతో ఎరువు చేద్దామంటే కంపు, దోమలు అంటూ కింది అంతస్తువాళ్లు ఒప్పుకోవడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: యూరియా సంచి ముందు మూలన పెట్టండమ్మా. నత్రజని చాలకపోతే ముదురాకులు ముందు పసుపెక్కుతాయి. మీకు లేత ఆకులు పోతున్నాయి. ఒక ఆకు తుంచి వెలుతురుకు పెట్టి చూడండి. ఈనెలు పచ్చగా ఉండి, మధ్య భాగం మాత్రం పాలిపోయి ఉంటే మొక్కకు ఇనుము అందడం లేదు. అది మట్టిలో లేక కాదు. సిమెంటు, సున్నం కలిసిన నేలలో క్షారం పెరిగి, ఉన్న ఇనుము కరగక వేళ్లకు చిక్కదు.

మట్టి పరీక్షలో పీహెచ్‌తో (నేలలో ఆమ్లం, క్షారం ఎంతో చెప్పే కొలత) పాటు సీసం కూడా చూడమనండి. పాత ఇల్లు కూల్చిన జాగా అయితే రంగుల పెచ్చుల్లో అది ఉండే అవకాశం ఎక్కువ. సీసం ఎక్కువగా ఉందని తేలితే ఆ నేలలో దుంపలు, ఆకుకూరలు వేయకండి. బయటి నుంచి మంచి మట్టి తెచ్చి అడుగు ఎత్తున మళ్లు కట్టుకోండి.

సీసం బెడద లేకపోతే మాత్రం ఈసారికి కూరగాయలు మానేసి, పెళ్లలు ఏరేసి జీలుగ చల్లండి. చౌడునే తట్టుకునే పైరు అది. ఏడెనిమిది వారాలకు, కాండం ముదరకముందే కోసి మట్టిలో కలిపేయండి. అది కుళ్లుతూ నేలలో క్షారాన్ని కాస్త తగ్గిస్తుంది, ఇనుము వేళ్లకు చిక్కుతుంది. ‘తినడానికి పనికిరాని పంటేమిటి’ అని మీ నలుగురిలో ఒకరైనా గొణుగుతారు. గొణగనివ్వండి.

ఇక కంపు సంగతి. కింది అంతస్తువాళ్లది ఉత్త భయం కాదు. తడి చెత్త ఒక్కటే పోస్తే గాలాడక కుళ్లి ముక్కు పగులుతుంది. బకెట్టు తడి చెత్తకు రెండు మూడు బకెట్ల ఎండుటాకులు కలపండి, పైన ఎప్పుడూ ఎండుటాకులే కనబడాలి. లోపలి నుంచి పిడికెడు తీసి గట్టిగా పిండండి. ఒకటి రెండు చుక్కలు రాలితే సరిగ్గా ఉన్నట్టు, ధార కడితే ఇంకా ఆకులు వేసి తిరగెయ్యాలి. కుప్ప పొడవు, వెడల్పు, ఎత్తు మీటరు చొప్పున ఉంటే లోపల వేడి 55 డిగ్రీలు దాటుతుంది, కలుపు విత్తనాలు చాలావరకు చస్తాయి. మాంసం, నూనె కూరలు మాత్రం వేయకండి, ఎలుకలు కాపురం పెడతాయి.

దోమలు ఎరువు కుప్పలో పుట్టవు, నిలవ నీళ్లలో పుడతాయి. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. నీళ్ల డ్రమ్ముకు సన్నటి వల కట్టి, వారానికోసారి ఖాళీ చేసి తోమండి.

కుప్ప ఎక్కడ వేయాలో కింది అంతస్తువాళ్లనే చూపించమనండి. వాసన వస్తే ఎత్తేస్తామని కాగితం మీద రాసివ్వండి.