ముగ్గుల ప్రోగ్రాము గురించి పెదనాన్న లేఖ

విద్యానగర్, హైదరాబాద్.

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

బ్రౌజర్‌లో మౌస్‌తో, యారో కీలతో ముగ్గు గీసేలా నీవు రాసి పంపిన ప్రోగ్రామును తీరిగ్గా చూశాను. చుక్కలు వరుస తప్పకుండా వచ్చాయి, రంగులు మారుతున్నాయి. అయితే నీవు రాసినట్లే, మౌస్‌ను వేగంగా తిప్పితే గీత తెగిపోతోంది. యారో కీని నొక్కి పట్టుకుంటే కుంచె ఒక అడుగు వేసి, కాస్త ఆగి, ఆ తర్వాత పరుగెత్తుతోంది. ఇవి రెండు వేర్వేరు తప్పులని నీ అభిప్రాయం. మూలం ఒకటేనని నేను అనుకుంటున్నాను. కదలిక జరిగిందని బ్రౌజర్ తనకు వీలైనప్పుడు పంపే కబురే ఈవెంట్. నీవు ఆ కబురునే కదలికగా తీసుకుని, అది చేరిన చోటే గీయడం, కదపడం అన్నీ జరిపించావు. ఈవెంట్ రాగానే నడిచే ఫంక్షన్‌ను హ్యాండ్లర్ అంటారు, అది జరిగినదాన్ని నమోదు చేసుకుంటే చాలు. ఎంత కదపాలో, ఏం గీయాలో నిర్ణయించే భాగం వేరుగా ఉండాలి.

ముందు కీబోర్డు సంగతి. కీని వదలకుండా పట్టుకున్నప్పుడు కీడౌన్ (కీ నొక్కినప్పటి ఈవెంట్) మళ్ళీ మళ్ళీ రావడం ఆపరేటింగ్ సిస్టమ్ టైపింగ్ కోసం చేసిన ఏర్పాటు. మొదటి అక్షరానికీ రెండో అక్షరానికీ మధ్య ఉండే ఆ విరామం లేకపోతే మనం ఏ మాటా సరిగ్గా టైపు చేయలేము. ఆ విరామం నిడివిని ఎవరైనా తమ సెట్టింగులలో మార్చుకోగలరు కనుక దానిమీద ఆధారపడి నడిచే బొమ్మ ఒక్కో కంప్యూటర్‌లో ఒక్కో వేగంతో కదులుతుంది. కాబట్టి కీడౌన్ వచ్చినప్పుడు ఆ కీ పేరును ఒక సెట్‌లో (ఒక్కో పేరును ఒక్కసారే ఉంచుకునే జాబితాలో) చేర్చు, కీఅప్ (కీ వదిలినప్పటి ఈవెంట్) వచ్చినప్పుడు తీసివెయ్యి. కుంచెను కదిపే పనిని, తెర మీద తర్వాతి బొమ్మ వేసే ముందు మన ఫంక్షన్‌ను పిలిచే రిక్వెస్ట్‌యానిమేషన్‌ఫ్రేమ్‌కు అప్పగించి, ప్రతిసారీ సెట్‌ను చూసి, గడిచిన కాలానికి తగినంత దూరం జరుపు. సెకనుకు 60 సార్లు మారే 60 హెర్ట్జ్ తెర మీదా, 120 సార్లు మారే 120 హెర్ట్జ్ తెర మీదా వేగం ఒకేలా ఉండాలంటే ఈ కాలం లెక్క తప్పదు. ఇలా చేస్తే రెండు కీలు కలిపి నొక్కినప్పుడు ఏటవాలు కదలిక దానంతట అదే వస్తుంది.

ఇందులో ఒక చిక్కుంది. కుడి యారో నొక్కి ఉండగానే ఎవరైనా వేరే విండోలోకి వెళితే కీఅప్ నీ పేజీకి చేరదు. తిరిగి వచ్చేసరికి కుంచె తనంతట తాను గోడదాకా నడుస్తూ ఉంటుంది. వాడేవారు వేరే చోటికి మళ్ళారని విండోకు చెప్పే బ్లర్ ఈవెంట్ రాగానే సెట్‌ను ఖాళీ చెయ్యి.

నీ కోడ్‌లో యారో కీలకు 37 నుంచి 40 వరకు అంకెలు కనిపించాయి. అమీర్‌పేటలో చేతులు మారే జిరాక్సు నోట్సులో ఇంకా కీలను అంకెలతో గుర్తించే కీకోడ్ పద్ధతే ఉంటుందని నాకు తెలుసు. అది పాతబడింది, ఇప్పుడు వాడవద్దని చెబుతున్న పద్ధతి. దాని స్థానంలో ఈవెంట్‌కు కీ (key), కోడ్ (code) అనే రెండు లక్షణాలున్నాయి. వీటి తేడా తెలుగువాళ్ళకు మరీ ముఖ్యం. రంగు మార్చడానికి నీవు ఇంగ్లీషు కె అక్షరం పెట్టావు. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరికలో ఉన్నవారు అదే మీటను నొక్కితే ఈవెంట్‌లోని కీ విలువ ‘క’ అవుతుంది, నీ షరతు విఫలమవుతుంది, రంగు మారదు. కోడ్ మాత్రం ఆ మీట ఉన్న చోటును చెబుతుంది కనుక భాష మారినా, క్యాప్స్‌లాక్ పడి ఉన్నా అది మారదు. మీట ఉన్న చోటు ముఖ్యమైతే కోడ్‌ను, వచ్చిన అక్షరం ముఖ్యమైతే కీని చూడు. ముగ్గుకు పేరు రాసే పెట్టె విషయంలో ఈ రెండూ వద్దు. ఆండ్రాయిడ్ కీబోర్డులు చాలాసార్లు ఏ అక్షరం నొక్కారో కీడౌన్‌లో చెప్పవు, కాబట్టి అక్కడ పెట్టెలోని రాత మారినప్పుడు వచ్చే ఇన్‌పుట్ ఈవెంట్‌నే నమ్ముకో.

పేజీ జరగకుండా, కీకి బ్రౌజర్ తనంతట చేసే పనిని ఆపే ప్రివెంట్‌డిఫాల్ట్ పెట్టావు, మంచిదే. కానీ అన్ని కీలకూ కలిపి పెట్టడంతో ట్యాబ్, ఎఫ్5 కూడా పనిచేయడం లేదు. మౌస్ పట్టుకోలేనివారికి ట్యాబే దారి. నీవు వాడే నాలుగు యారో కీలకే దాన్ని పరిమితం చెయ్యి.

ఇక మౌస్. తెర మీద దాటిన ప్రతి పిక్సెల్‌కూ మౌస్‌మూవ్ (మౌస్ కదిలిందనే ఈవెంట్) రాదు, చెయ్యి వేగంగా కదిలితే రెండు కబుర్ల మధ్య చాలా దూరం ఉంటుంది. వచ్చిన బిందువు దగ్గర చుక్క పెట్టడం మాని, వెనుకటి బిందువును గుర్తుంచుకుని అక్కడినుంచి ఇక్కడిదాకా గీత కలుపు. గీత మౌస్‌కు పక్కగా పడుతోందని నీవు చెప్పలేదు గానీ, నా తెర మీద పడుతోంది. ముగ్గు గీసే చోటైన కాన్వాస్ వెడల్పు 600 పిక్సెళ్ళని ఇచ్చి, పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్‌లో నూరు శాతానికి సాగదీశావు. క్లయింట్‌ఎక్స్ (మౌస్ అడ్డంగా ఎక్కడుందో చెప్పే అంకె) లెక్క మొదలయ్యేది బ్రౌజర్ విండోలో పేజీ కనిపించే భాగం ఎడమ అంచు నుంచి. అందులోంచి కాన్వాస్ ఎడమ అంచును తీసివేసి, వచ్చినదాన్ని 600 తో గుణించి, కాన్వాస్ తెర మీద కనిపిస్తున్న వెడల్పుతో భాగించాలి. ఆ కొలతలు గెట్‌బౌండింగ్‌క్లయింట్‌రెక్ట్ అనే ఫంక్షన్ ఇస్తుంది. ఎత్తుకూ ఇదే లెక్క.

మౌస్ ఈవెంట్లకు బదులు పాయింటర్ ఈవెంట్లు వాడితే వేలికీ మౌస్‌కూ ఒకే కోడ్ సరిపోతుంది. పాయింటర్‌డౌన్ దగ్గరే సెట్‌పాయింటర్‌క్యాప్చర్ అనే ఫంక్షన్‌ను పిలిస్తే, గీస్తూ గీస్తూ కాన్వాస్ దాటి బటన్ వదిలినా ఆ కబురు నీకు చేరుతుంది. ఇప్పుడైతే బయట వదిలి లోపలికి వస్తే గీత ఇంకా వెంటపడుతోంది. కాన్వాస్‌కు టచ్ యాక్షన్ నన్ (touch-action: none) అని సీఎస్ఎస్‌లో పెట్టకపోతే ఫోన్‌లో గీతకు బదులు పేజీ జరుగుతుంది.

చిన్న సంగతులు రెండు. ‘చెరిపివేయి’ బటన్ పేజీ తెరవగానే తనంతట పనిచేయడానికి కారణం, లిజనర్‌కు (ఈవెంట్ కోసం కాచుకునే ఏర్పాటుకు) ఫంక్షన్ పేరు ఇవ్వవలసిన చోట చివర () పెట్టి దాన్ని అక్కడే పిలిచావు. ఆ బటన్‌ను డివ్‌ అనే మామూలు పెట్టె ట్యాగ్‌తో కాక నిజమైన బటన్ ట్యాగ్‌తోనే చేస్తే ఎంటర్, స్పేస్ కీలకు వేరే కోడ్ రాయనక్కరలేదు.

అన్నీ ఒకేసారి మార్చవద్దు. మొదట కీల సెట్, బ్లర్ పూర్తిచేసి పంపు. పాయింటర్ మార్పు తర్వాత చేద్దువుగాని. అది అయ్యాక మీ అమ్మ ఫోన్‌లో తెరిచి, ఆమెనే ఒక ముగ్గు వేయమని, ఎక్కడ గీత ఆగిందో నాకు రాయి.

ఇట్లు,
పెదనాన్న