జాంబీ నవలలు: ఎక్కడ మొదలుపెట్టాలి, ఏది ఎప్పుడు చదవాలి?

ఈసారి చెన్నై పాఠకుల ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సంగతి గురించి వచ్చాయి. జాంబీలు, మహమ్మారులు, ప్రపంచం కూలిపోయాక మిగిలినవాళ్ళ కథలు. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి వాయిదా వేసి, ఈ శీర్షిక మొత్తం వాటికే ఇచ్చేస్తున్నాను.

ప్ర: జాంబీ సినిమాలు, సిరీస్‌లు దాదాపు అన్నీ చూసేశాను. పుస్తకం మాత్రం ఒక్కటీ చదవలేదు. ఇంగ్లీషు చదవడం నాకు కాస్త నెమ్మది. దేనితో మొదలుపెట్టమంటారు?
– ఒక పాఠకుడు, వేళచ్చేరి

జ: మాక్స్ బ్రూక్స్ రాసిన 'వరల్డ్ వార్ జెడ్'తో మొదలుపెట్టండి, ఇందులో ఆలోచించడానికేం లేదు. 2006లో వచ్చిన నవల. బ్రాడ్ పిట్ సినిమా చూసేశాను కదా అని దీన్ని పక్కన పెట్టకండి, పేరు తప్ప ఆ సినిమాకీ ఈ పుస్తకానికీ పెద్దగా సంబంధం లేదు. ఇందులో హీరో అంటూ ఎవరూ ఉండరు. జాంబీలతో యుద్ధం ముగిసిన కొన్నేళ్ళకి ఒకాయన దేశదేశాలు తిరిగి, బతికి బయటపడ్డవాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడించి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకుంటూ పోతాడు. చైనాలో మొదటి రోగిని చూసిన డాక్టరు, అమెరికా సిపాయి, ఇంకా ఎవరెవరో. ఒక్కో మనిషిది కొన్ని పేజీలు మాత్రమే కాబట్టి మీరు వేళచ్చేరిలో రైలెక్కి చింతాద్రిపేటలో దిగేలోపు ఒకరి కథ అయిపోతుంది, నెమ్మదిగా చదివినా ఇబ్బంది లేదు. మన దేశం కూడా వస్తుంది. గుజరాత్‌లో పాత ఓడల్ని విరగ్గొట్టే అలంగ్ తీరానికి జనం తండోపతండాలుగా పరిగెత్తి, ఏదో ఒక ఓడ ఎక్కి సముద్రంలోకి పారిపోవాలని చూసే భాగం ఉంది, అది మాత్రం హడావిడిగా చదవకండి.

ఇంకో చోట యాంకర్స్ అనే ఊరి దగ్గర అమెరికా సైన్యం టీవీ కెమెరాల ముందు తన ఆధునిక ఆయుధాలన్నీ మోహరించి జాంబీల చేతిలో చిత్తుగా ఓడిపోతుంది. ఎందుకు ఓడిందో ఆ సిపాయి చెప్పే తీరు అద్భుతం. ఆ ఆయుధాలన్నీ శత్రువుని బెదరగొట్టి వెనక్కి తరమడానికి తయారుచేసినవి, బెదురు అంటే తెలియనివాడి ముందు అవెందుకు పనికొస్తాయి? చివరికి ఆ సైన్యమే పారనీ గొడ్డలినీ కలిపి చేసినట్టుండే ఒక పనిముట్టు పట్టుకుని యుద్ధం నడిపిస్తుంది.

ఇది అయ్యాక ఎం.ఆర్. కేరీ రాసిన 'ది గర్ల్ విత్ ఆల్ ది గిఫ్ట్స్' (2014) తీసుకోండి. మెలనీ అని పదేళ్ళ పాప, చదువంటే ప్రాణం, టీచరంటే ఇంకా ప్రాణం. ఆ పాపని రోజూ సైనికులు తుపాకీ గురిపెట్టి, చక్రాల కుర్చీకి కట్టేసి క్లాసుకి తీసుకెళ్తారు. 'నేను కరవనులెండి' అని ఆ పిల్ల సరదాకి అంటే ఒక్కరూ నవ్వరు. ఈ పుస్తకంలో మనుషుల్ని మార్చేది ఒక శిలీంధ్రం. దానికి మూలమైన శిలీంధ్రం నిజంగానే ఉంది, అడవుల్లో చీమల ఒంట్లోకి చేరి వాటి నడకని తన చేతిలోకి తీసుకుని, ఆకుని గట్టిగా కరిచి పట్టుకునేలా చేసి, చచ్చాక తలలోంచి కొమ్మలా మొలుస్తుంది. అది తెలిసి చదివితే భయం రెట్టింపవుతుంది.

మూడోది రిచర్డ్ మాథెసన్ 'ఐ యామ్ లెజెండ్', 1954 నాటిది, చిన్న పుస్తకం. లాస్ ఏంజెలస్‌లో ఒంటరిగా మిగిలిన నెవిల్, తలుపులకి వెల్లుల్లి దండలు, రాత్రి కాగానే బయట నిలబడి 'రా నెవిల్, బయటికి రా' అని అరిచే పాత పొరుగింటివాడు. లెక్క ప్రకారం ఇందులో ఉన్నవి రక్తం తాగే పిశాచాలే, జాంబీలు కావు. అయినా 1968లో జార్జ్ రొమెరో తీసిన జాంబీ సినిమాకి ప్రేరణ ఈ నవలే, ఆ లెక్కన ఇవాళ మీరు చూస్తున్న జాంబీ కథలన్నిటికీ ఇది తాత. విల్ స్మిత్ సినిమా ముగింపు వేరు, నవల ముగింపు వేరు. ఆ పేరు ఎందుకు పెట్టారో చివరి పేజీలో తెలుస్తుంది, ముందే ఎవరినీ అడగకండి.

ప్ర: మా అన్నయ్య 'ది రోడ్' నవల ఇచ్చి, చదివితీరాలి అన్నాడు. ముప్పై పేజీలు చదివాక ఆపేశాను. కథ కదలదు, ఎవరు మాట్లాడుతున్నారో తెలీదు. నాకే అర్థం కాలేదా?
– ఒక పాఠకురాలు, కోడంబాక్కం

జ: మీలో లోపమేం లేదమ్మా. కార్మాక్ మెకార్తీ సంభాషణలకి కొటేషన్ గుర్తులు పెట్టడు, తండ్రికీ కొడుక్కీ పేర్లు కూడా ఉండవు. కొన్ని పేజీలు పైకి చదివి చూడండి, ఏ మాట ఎవరిదో చెవికి తెలిసిపోతుంది. కథ కదలదన్నారు, నిజమే. బూడిద కప్పేసిన దేశంలో ఇద్దరూ సూపర్‌మార్కెట్ తోపుడుబండిలో సామాను వేసుకుని దక్షిణంగా నడుస్తారు, అంతే కథ. ఆ బండికి మోటార్‌సైకిల్ అద్దం ఒకటి బిగించి ఉంటుంది, వెనకనుంచి ఎవరైనా వస్తున్నారేమో చూసుకోవడానికి. ఒకచోట తండ్రికి పాత మెషీన్లో ఒక కోకాకోలా డబ్బా దొరుకుతుంది. కొడుకు పుట్టి బుద్ధెరిగాక అలాంటిది రుచి చూడలేదు. తాగమని ఇస్తే ఆ పిల్లాడు కాస్త తాగి, నువ్వూ తాగు నాన్నా అని పట్టుబడతాడు. నాకు ఈ నవల మొత్తంలో అన్నిటికంటే గట్టిగా తగిలింది ఆ చిన్న ఘట్టమే. 2007లో పులిట్జర్ బహుమతి వచ్చిన పుస్తకం, గొప్పదే, కానీ ఒంట్లో బాగాలేనప్పుడూ ఇంట్లో ఏదైనా టెన్షన్ ఉన్నప్పుడూ తెరవకండి. నరమాంసం తినే మనుషుల ఘట్టాలు ఉన్నాయి, అవి మనసుని నలిపేస్తాయి. ఇప్పుడు పక్కన పెట్టి ఏడాది తర్వాత తీసినా తప్పులేదు, అన్నయ్యకి నేను చెప్పానని చెప్పండి.

ప్ర: మా అబ్బాయికి పద్నాలుగేళ్ళు. జాంబీ పుస్తకాలు కొనిపెట్టమని గొడవ. కొనొచ్చా?
– ఒక తల్లి, అణ్ణానగర్

జ: తప్పకుండా కొనండి. పిల్లాడు పుస్తకం కావాలని గొడవ పెడుతుంటే వద్దనకండి. జాన్ విండమ్ రాసిన 'ది డే ఆఫ్ ది ట్రిఫిడ్స్' (1951) ఇవ్వండి. కళ్ళకి కట్టుతో ఆసుపత్రిలో పడుకున్న ఒకాయన పొద్దున్నే లేచేసరికి వీధిలో చప్పుడే ఉండదు. ముందు రాత్రి ఆకాశంలో వెలుగులు చూసినవాళ్ళందరికీ చూపు పోయింది, ఈయన కట్టు వల్ల చూడలేదు కాబట్టి మిగిలాడు. పైగా నడిచే మొక్కలు, విషపు కొరడాతో కొట్టేవి. ఆసుపత్రిలో మెలకువ వచ్చేసరికి ఊరంతా ఖాళీ అనే మొదలు మీవాడు సినిమాల్లో ఎన్నోసార్లు చూసే ఉంటాడు, ఆ దారి వేసినవాడు విండమే. నెత్తురు తక్కువ, ఆలోచన ఎక్కువ. మైనాక్ ధర్ రాసిన 'ఆలిస్ ఇన్ డెడ్‌ల్యాండ్' కూడా వాడికి నచ్చుతుంది, ఢిల్లీ శిథిలాల మధ్య జరిగే కథ, కాకపోతే కొట్లాటలు బాగా ఎక్కువ, మీరు ముందు ఓ చూపు చూసి ఇవ్వండి. 'ది రోడ్' మాత్రం ఇప్పుడే వద్దు.

ప్ర: 2015 వరదల్లో మా ఇల్లు మునిగింది, తర్వాత కోవిడ్. ఇలాంటి కథలంటే ఆసక్తి ఉంది, కానీ చదువుతుంటే గుండె దడ. ధైర్యం ఇచ్చేది ఏదైనా ఉందా?
– ఒక పాఠకురాలు, ముడిచ్చూరు

జ: ఉంది. ఎమిలీ సెయింట్ జాన్ మాండెల్ రాసిన 'స్టేషన్ ఎలెవెన్' (2014). కానీ దానికంటే ముందు ఒక మాట చెప్పాలి. ఈ తరహా నవలలు చాలావాటిలో కరెంటు పోయిన మూడో రోజుకే పొరుగువాడు పొరుగువాడి మీద పడతాడు. ఆ డిసెంబరులో చెన్నైలో ఏం జరిగిందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఫోన్లు పనిచెయ్యలేదు, ఏటీఎంలు పనిచెయ్యలేదు, పాల ప్యాకెట్ వంద రూపాయలకి అమ్మినవాళ్ళూ ఉన్నారు. అదే ఊళ్ళో జాలర్లు తమ పడవల్ని వీధుల్లోకి తెచ్చి ముక్కూమొహం తెలియనివాళ్ళని మేడల మీంచి దింపారు, మసీదుల్లో, గుళ్ళల్లో, కల్యాణ మండపాల్లో వండి పెట్టారు. అందుకే, తలుపు కొట్టినవాడికి తలుపు తీసే మనిషి ఒక్కడైనా లేని నవల నాకు అబద్ధంలా అనిపిస్తుంది, రచయిత ఎంత పేరున్నవాడైనా సరే. జాంబీ ఎంత వేగంగా పరిగెత్తుతుందన్నది ఆ తర్వాతి సంగతి.

'స్టేషన్ ఎలెవెన్'లో జార్జియా ఫ్లూ అనే జ్వరం ప్రపంచాన్ని ఊడ్చేస్తుంది, కానీ అసలు కథ ఇరవై ఏళ్ళ తర్వాత. ఒక నాటక బృందం అమెరికాలో గ్రేట్ లేక్స్ చుట్టూ ఊరూరా తిరుగుతూ షేక్‌స్పియర్ నాటకాలు ఆడుతుంది, కచేరీలు చేస్తుంది. ఇంజన్లు పీకేసిన ట్రక్కులకి గుర్రాలు కట్టి లాగిస్తారు. బతికుంటే మాత్రమే చాలదు అనే అర్థం వచ్చే మాట ఒకటి బండి మీద రాసుకుంటారు. ఒక విమానాశ్రయంలో చిక్కుకుపోయినవాళ్ళు అక్కడే ఊరు కట్టుకుని, పనిచెయ్యని సెల్‌ఫోన్లు, క్రెడిట్ కార్డులు, ఎత్తుమడమల చెప్పులు పెట్టి మ్యూజియం నడుపుతారు, ఆ తర్వాత పుట్టిన పిల్లలకి చూపించడానికి. మరణాలు ఉన్నాయి, క్రూరత్వమూ ఉంది, అయినా దడ పుట్టించే పుస్తకం కాదు. మొదటి అధ్యాయాల్లో ఫ్లూ వ్యాపించే పేజీలు మీకు కష్టంగా ఉంటే వాటిని దాటేసి ముందుకెళ్ళండి, తర్వాత వెనక్కి రావచ్చు.

అది నచ్చితే జార్జ్ స్టీవర్ట్ 'ఎర్త్ అబైడ్స్' (1949) కూడా. ఇష్ అనే కుర్రాడు పెద్ద లైబ్రరీని రాబోయే తరాల కోసం భద్రంగా కాపాడతాడు. తీరా ఆ తరాలకి చదువు మీద ఆసక్తి ఉండదు. చివరికి ఆయన పిల్లలకి విల్లూ బాణం తయారుచేయడం నేర్పుతాడు. పిల్లల్ని పెంచేవాళ్ళు ఎవరైనా చదవాలి.

ప్ర: ఇవి చెన్నైలో ఎక్కడ దొరుకుతాయి? అన్నీ కొనే స్తోమత లేదు.
– ఒక విద్యార్థి, తాంబరం

జ: కొట్టూర్‌పురంలోని అణ్ణా శతజయంతి గ్రంథాలయంలో మొదట వెతకండి, ఇంగ్లీషు కల్పనా సాహిత్యం బాగానే ఉంటుంది, కూర్చుని చదువుకోవడానికి హాయిగా ఉంటుంది. ఎగ్మూరు కన్నెమరా గ్రంథాలయం రెండోది. కొనేటట్టయితే జనవరి పుస్తక ప్రదర్శన దాకా ఆగండి, సెకండ్ హ్యాండ్ కావాలంటే మైలాపూరు లజ్ కార్నర్ దగ్గర పాత పుస్తకాలవాళ్ళని అడగండి. పై జాబితాలో ఒక్కటే కొనగలనంటే 'స్టేషన్ ఎలెవెన్' కొనండి, మిగతావి అరువు తెచ్చుకుని చదివినా సరిపోతుంది.