విక్టోరియన్ అమెచ్యూర్ ఫుట్‌బాల్ అసోసియేషన్ ఎలా పుట్టింది?

మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ ఆడే ఈ సంఘం 1892లో మెట్రోపాలిటన్ జూనియర్ ఫుట్‌బాల్ అసోసియేషన్‌గా మొదలైంది. ఇక్కడ ‘జూనియర్’ అంటే పిల్లలని కాదు, అగ్రశ్రేణికి దిగువ స్థాయి అని మాత్రమే అర్థం.

అసలు మలుపు 1911లో వచ్చింది. ఆటగాళ్లకు డబ్బు చెల్లించడాన్ని ఆ ఏడాది అగ్రశ్రేణి పోటీ అయిన విక్టోరియన్ ఫుట్‌బాల్ లీగ్ అధికారికంగా అనుమతించగా, ఈ సంఘం అందుకు పూర్తిగా ఎదురు దారి పట్టి, 1912లో తన పేరులోని ‘జూనియర్’ స్థానంలో ‘అమెచ్యూర్’ (డబ్బు తీసుకోకుండా ఆడేవారు) అని చేర్చుకుంది. డబ్బు తీసుకోకూడదన్న నియమానికి కట్టుబడినవారు చెల్లించిన మూల్యం చిన్నదేమీ కాదు. పెద్ద లీగ్‌లో ఉంటూనే జీతం పుచ్చుకోని మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయపు ‘యూనివర్సిటీ’ జట్టు వరుసగా 51 మ్యాచ్‌లు ఓడి, 1914 సీజన్ ముగిశాక వైదొలగింది. ఆ విశ్వవిద్యాలయపు బ్లాక్స్, బ్లూస్ జట్లు నేటికీ ఈ సంఘంలోనే ఆడుతున్నాయి.

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో పోటీలు ఆగి, తరువాత తిరిగి మొదలయ్యాయి. ప్రస్తుత పేరు 1933లో వచ్చింది. పాఠశాలల పూర్వవిద్యార్థుల క్లబ్బులే దీనికి వెన్నెముక. గెలిచినవారు పై శ్రేణికి ఎక్కుతారు, అట్టడుగున నిలిచినవారు కిందికి దిగుతారు. మహిళల పోటీలు మాత్రం, చాలా ఆలస్యంగా, 2017లో మొదలయ్యాయి.